ఎస్టోనియాలో కంపెనీ పెట్టడం ఎలా? తలుపు అక్కడ, తాళంచెవి ఇక్కడ

ఎస్టోనియా జనాభా పద్నాలుగు లక్షల లోపే. మన విశాఖపట్నంలో ఉన్నంతమంది కూడా ఆ దేశం మొత్తంలో లేరు. ఫిన్లాండ్‌కు ఎదురుగా, బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఈ చలి దేశం 2014 డిసెంబరులో అంతకుముందు ఎవరూ చేయని పని ఒకటి చేసింది. తన గడ్డ మీద అడుగైనా పెట్టని విదేశీయులకు ప్రభుత్వమే డిజిటల్ గుర్తింపు కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని పేరు ఇ-రెసిడెన్సీ. ఆ కార్డుతో గుంటూరులో కూర్చునే యూరోపియన్ యూనియన్‌లో కంపెనీ రిజిస్టర్ చేయవచ్చు, సంతకాలు పెట్టవచ్చు, పన్ను రిటర్నులు వేయవచ్చు. ఇప్పటికి లక్షమందికి పైగా ఆ కార్డు తీసుకున్నారు.

నేను ఈ దారిలో వెళ్లినప్పుడు మొదట ఫోనులో మాట్లాడిన, ఇలాంటి కంపెనీలు పెట్టించే సేవా సంస్థ మనిషి ఒకే మాట మూడుసార్లు చెప్పాడు: ‘అక్కడ పన్ను సున్నా’. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఆ సున్నా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఎస్టోనియా వైపు పని అంతా కలిపితే ఒక మధ్యాహ్నం. అసలు పని మన దేశం వైపు ఉంటుంది. దాని సంగతి ముందే తెలిసి ఉంటే నా ఏడాది మిగిలేది. అందుకే ఈ వ్యాసంలో అక్కడి అడుగుల కంటే ఇక్కడి అడుగుల మీద ఎక్కువసేపు నిలబడతాను.

ముందు: మీకు ఇది అవసరమా?

డబ్బు కట్టకముందే ఈ ప్రశ్న తేల్చుకోండి. మీరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటూ, ఒక్కరే పనిచేస్తూ, ఇద్దరు ముగ్గురు విదేశీ ఖాతాదారులకు (క్లయింట్లకు) సాఫ్ట్‌వేర్ రాసిపెట్టో డిజైన్ చేసిపెట్టో బతుకుతున్నారనుకుందాం. అలాంటి వారికి ఎస్టోనియా కంపెనీ దాదాపు ఎప్పుడూ నష్టమే. మీ పేరుతోనే బిల్లు పంపండి. సేవల ఎగుమతికి హామీపత్రం (అండర్‌టేకింగ్) ఇస్తే జీఎస్టీ కట్టనక్కరలేదు. అర్హత ఉన్న వృత్తుల వారికి, రాబడి దాదాపు అంతా బ్యాంకు ద్వారానే వస్తే, 75 లక్షల రూపాయల దాకా అందులో సగాన్నే ఆదాయంగా లెక్కించే పద్ధతి మన దగ్గరే ఉంది. అంత మంచి బేరం ఎస్టోనియాలో మీకు దొరకదు.

మరి ఎవరికి పనికొస్తుంది? యూరప్ ఖాతాదారు ‘మీ కంపెనీ యూనియన్ లోపల ఉంటేనే ఒప్పందం’ అని పట్టుబట్టినప్పుడు. భాగస్వాములలో ఒకరు బెర్లిన్‌లో, ఒకరు కరీంనగర్‌లో ఉండి, ఇద్దరికీ సమానదూరంలో ఒక సంస్థ కావలసినప్పుడు. వచ్చిన లాభాన్ని నాలుగైదేళ్లు బయటకు తీయకుండా వ్యాపారంలోనే తిప్పగల ఓపిక ఉన్నప్పుడు. ఇక దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో స్థిరపడిన తెలుగువారి సంగతి వేరు. వారికి ఇక్కడి విదేశీ మారకపు చట్టం (ఫెమా) నిబంధనల తాకిడి చాలావరకు ఉండదు కాబట్టి కింద రాసిన సగం తలనొప్పులు వారివి కావు.

గుంటూరు మిర్చి లాంటి సరుకు పంపేవారు కూడా ఈ కంపెనీ గురించి అడుగుతుంటారు. మన మిర్చిని యూరప్ సరిహద్దుల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కోసం, పురుగుమందుల అవశేషాల కోసం ప్రత్యేకంగా తనిఖీ చేస్తారు. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో కాగితం మీద కంపెనీ ఉన్నంత మాత్రాన ఆ తనిఖీ తప్పదు. సరుకు దిగే రేవు, గోదాము, అక్కడి వ్యాట్ నమోదు అన్నీ విడిగా చూసుకోవలసిందే.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీసేద్దాం. ఇ-రెసిడెన్సీ వీసా కాదు, నివాసానుమతి కాదు, పౌరసత్వం అసలే కాదు. ఆ కార్డు మీద మీ ఫొటో కూడా ఉండదు. విమానాశ్రయంలో చూపిస్తే నవ్వుతారు.

మొదటి అడుగు: కార్డు

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పాస్‌పోర్టు స్కాన్, ఫొటో, ఎందుకు కావాలో నాలుగు మాటలు, రుసుము కట్టడానికి ఒక బ్యాంకు కార్డు ఉంటే చాలు. రుసుము సుమారు 150 యూరోలు. ఎస్టోనియా పోలీసు, సరిహద్దు రక్షణ శాఖ మీ పూర్వాపరాలు చూసి నిర్ణయం చెబుతుంది. దానికి నెలరోజులు, కార్డు మీకు దగ్గరి కార్యాలయానికి చేరడానికి మరికొన్ని వారాలు అనుకోండి.

‘ఎందుకు’ అన్న గడిలో సొంత మాటలు రాయండి. ‘జర్మనీలో ఇద్దరు ఖాతాదారులు ఉన్నారు, వారికి యూరోల్లో బిల్లు పంపాలి’ అన్న ఒక్క వాక్యం, యూరప్ ఆవిష్కరణల మీద ఒక పేజీ ఉపన్యాసం కంటే మేలు.

తెలుగువాళ్లు తడబడేది పేరు దగ్గర. మన ఇంటిపేరు పాన్ కార్డులో పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, బ్యాంకులో చివరన ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఎస్టోనియా మీ పాస్‌పోర్టులో ఉన్నదే తీసుకుంటుంది. తర్వాత ఇక్కడి బ్యాంకు ఆ పేరునూ మీ ఖాతా పేరునూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. తేడాలు ఉంటే కార్డుకు దరఖాస్తు చేయకముందే పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు మూడూ ఒకటి చేసుకోండి. ఆ పనికి పట్టే సమయం కార్డు రావడానికి పట్టే సమయం కంటే ఎక్కువ కావచ్చు.

కార్డు పోస్టులో రాదు. న్యూఢిల్లీలోని ఎస్టోనియా రాయబార కార్యాలయానికి స్వయంగా వెళ్లి, వేలిముద్రలు ఇచ్చి తీసుకోవాలి. విదేశాల్లో ఉన్నవారు దరఖాస్తులోనే అక్కడి కార్యాలయాన్ని ఎంచుకోవచ్చు. చేతికిచ్చే డబ్బాలో కార్డు, కంప్యూటర్‌కు తగిలించే చిన్న రీడరు, ఒక మూసిన కవరు ఉంటాయి. అన్నిటికంటే విలువైనది ఆ కవరే. అందులో మూడు సంఖ్యలు ఉంటాయి. నాలుగంకెల మొదటి పిన్ లోపలికి వెళ్లడానికి. అయిదంకెల రెండో పిన్ సంతకానికి. ఎనిమిదంకెల పక్ అనేది పిన్ తప్పు కొట్టి లాక్ చేసుకున్నప్పుడు విడిపించుకోవడానికి. మూడుసార్లు తప్పు కొడితే లాక్. పక్ కూడా పోగొట్టుకుంటే మళ్లీ ఢిల్లీ రైలెక్కాలి. కవరును ఇంట్లో భూమి దస్తావేజులు పెట్టే చోట పెట్టండి. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోకండి.

రెండో పిన్‌తో పెట్టే సంతకానికి యూరోపియన్ యూనియన్ అంతటా చేతి సంతకంతో సమానమైన విలువ ఉంది. మొదటిసారి నేను రీడరులో కార్డు దూర్చి, అయిదంకెలు కొట్టి, ఎంటర్ నొక్కాక ఏదో జరుగుతుందని ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. తెర మీద ఒక చిన్న పచ్చగుర్తు వచ్చింది, అంతే. స్టాంపు పేపరు, నోటరీ, సాక్షులు, వేలికి అంటిన సిరా ఏవీ లేవు. సంతకం పెట్టినట్టే అనిపించదు కాబట్టి చదవకుండా పెట్టేసే ప్రమాదం ఎక్కువ. సేవా సంస్థ పంపిన కాగితమైనా సరే, తెరిచి చదివాకే రెండో పిన్ కొట్టండి.

రెండో అడుగు: చిరునామా, సంప్రదింపు వ్యక్తి

కంపెనీ నడిపే బోర్డు దేశం బయట ఉంటే చట్టం రెండు అడుగుతుంది: ఎస్టోనియాలో ఒక చిరునామా, అధికారుల ఉత్తరాలు మీ తరఫున అందుకునే సంప్రదింపు వ్యక్తి. ఈ రెండో సేవ ఎవరు పడితే వారు చేయకూడదు. నోటరీ, న్యాయవాది, ఆడిటర్, లేదా అక్కడి ఆర్థిక నిఘా విభాగం దగ్గర అనుమతి పొందిన సంస్థ మాత్రమే చేయాలి. రెండూ కలిపి ఏడాదికి కొన్ని వందల యూరోలు అవుతాయి. దాదాపు అందరూ ఒకే సంస్థ దగ్గర చిరునామా, సంప్రదింపు వ్యక్తి, లెక్కల పని మూడూ తీసుకుంటారు.

సంస్థను ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. అనుమతి సంఖ్య ఏమిటి? ఏడాది లెక్కల నివేదిక రుసుములో కలిసి ఉందా, వేరేనా? మీ దగ్గర మానేసి వేరేవారి దగ్గరకు వెళితే ఎంత కట్టాలి? మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ సంస్థ గుణం తెలుస్తుంది.

మూడో అడుగు: రిజిస్ట్రేషన్

మీరు పెట్టేది ఓసాయుహింగ్, మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటిది. దాన్ని ఓయూ అని పొట్టిగా రాస్తారు. హైదరాబాద్ వాళ్లకు నవ్వొస్తుంది కానీ కంపెనీ పేరులో ఆ రెండక్షరాలు తప్పనిసరి.

ఇ-బిజినెస్ రిజిస్టర్ అనే ప్రభుత్వ పోర్టల్‌లోకి మొదటి పిన్‌తో వెళ్లండి. పేరు ఇవ్వగానే దాన్ని పోలిన కంపెనీలు, ట్రేడ్‌మార్కులు చూపిస్తుంది. తర్వాత ప్రధాన వ్యాపారానికి ఒక కోడు ఎంచుకోవాలి. బ్యాంకులు ముందు చూసేది ఈ కోడునే కాబట్టి నిజంగా చేసేదే ఎంచుకోండి. ‘ఎప్పటికైనా పనికొస్తుందని’ ఆర్థిక సేవలనో, క్రిప్టోనో పెట్టుకుంటే రెండు దేశాల్లోనూ తలుపులు మూసుకుంటాయి. మన నిబంధనల ప్రకారం వ్యక్తులు విదేశీ ఆర్థిక సేవల కంపెనీల్లో పెట్టుబడి పెట్టడానికి గట్టి ఆంక్షలు ఉన్నాయి. కంపెనీ సొంత నిబంధనావళికి తయారు నమూనా ఉంది, అదే తీసుకోవచ్చు. అసలు యజమాని ఎవరో ప్రకటించాలి. ప్రభుత్వ రుసుము 265 యూరోలు. రెండో పిన్ కొట్టి పంపిస్తే సాధారణంగా ఒకటి రెండు పనిదినాల్లో, ఎక్కువలో ఎక్కువ వారంలో కంపెనీ పుడుతుంది.

మూలధనం దగ్గర మాత్రం ఆగండి. 2023 ఫిబ్రవరి దాకా కనీసం 2,500 యూరోలు చూపించాలనే నియమం ఉండేది. ఇప్పుడు ఒక్కో వాటాదారు ఒక సెంటు పెట్టినా చాలు. ‘ఒక యూరోతో యూరప్ కంపెనీ’ అని ప్రకటనలు చూసే ఉంటారు. ఒక యూరో కంపెనీ మొదటి నెల లెక్కలాయనకు రుసుము ఎలా కడుతుంది? యజమాని జేబులోంచి చేబదులు ఇస్తాడు, ఎస్టోనియా పౌరుడైతే. భారత్‌లో నివసించే వ్యక్తికి ఆ దారి లేదు. విదేశీ కంపెనీలో వ్యక్తిగా మీరు పెట్టగలిగేది వాటా మూలధనమే, అప్పు కాదు. కాబట్టి మొదటి ఏడాది ఖర్చులన్నీ లెక్కవేసి, ఆ మొత్తాన్ని మూలధనంగానే పెట్టండి. నా అంచనాలో రిజిస్ట్రేషన్, చిరునామా, లెక్కల పని కలిపి మొదటి ఏడాదికి పదిహేను వందల నుంచి రెండు వేల యూరోలు అవుతాయి. ఢిల్లీ ప్రయాణం, ఇక్కడి ఆడిటర్ రుసుము వేరు. మూడు వేలతో మొదలుపెడితే ఊపిరాడుతుంది.

రిజిస్టర్ అయిన మరుక్షణం నుంచి మీ పేరు, మీ వాటా, తర్వాత మీ ఏటేటి లెక్కలు లోకం మొత్తం చూడవచ్చు. 2022 అక్టోబరు నుంచి రిజిస్టరు చూడడానికి రుసుము కూడా లేదు. పన్ను బాకీలూ అక్కడ బహిరంగమే. లాభం ఎంతో బావమరిదికి తెలియకూడదనుకుంటే ఇది మీ దేశం కాదు.

ఈ అడుగుకు ముందే వేయాల్సిన అడుగు: మన బ్యాంకు

ఇది నాలుగోది కాదు, నిజానికి మూడోదాని కంటే ముందు రావాలి. చాలామంది కంపెనీ పెట్టేశాక బ్యాంకుకు వెళతారు. నేనూ అలాగే వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నా కాగితాలు చూసి, లోపలికి వెళ్లి, ఇంకొకరిని తీసుకొచ్చి, ఇద్దరూ కలిసి మళ్లీ చూసి, ‘సార్, ఇది మా బ్రాంచిలో కాదు’ అన్నారు. వాళ్ల తప్పు లేదు. ఈ పని విదేశీ మారకం చూసే బ్రాంచీలోనే జరుగుతుంది.

2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడుల నిబంధనల ప్రకారం, స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాని విదేశీ కంపెనీలో మీరు ఒక్క వాటా కొన్నా అది విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా పద్ధతి ఒక్కటే. ఎఫ్‌సీ అనే ఫారం నింపి బ్యాంకు ద్వారా రిజర్వు బ్యాంకుకు పంపాలి. అక్కడి నుంచి మీ పెట్టుబడికి ఒక విశిష్ట సంఖ్య వస్తుంది. ఆ తర్వాతే బ్యాంకు డబ్బు పంపుతుంది. వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకునే సరళీకృత పథకం (ఎల్‌ఆర్‌ఎస్) కింద ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలోకే ఇదీ వస్తుంది. పిల్లల చదువుకు, విదేశీ యాత్రలకు పంపింది కూడా అదే ఖాతాలో లెక్క. ఏడాది మొత్తం పది లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద 20 శాతం పన్నును బ్యాంకు ముందే వసూలు చేస్తుంది. రిటర్నులో దాన్ని సర్దుకోవచ్చు.

‘దుబాయ్‌లో ఉన్న మా బాబాయి ఖాతా నుంచి పంపిస్తే సరి’ అనే సలహా మీకు తప్పకుండా వస్తుంది. వద్దు. పెట్టుబడి మీది, డబ్బు ఆయనది అయితే ఆ ముడి విప్పడానికి అయ్యే ఖర్చు కంపెనీ మూలధనం కంటే ఎక్కువ.

డబ్బు పంపాక ఆరు నెలల్లోపు వాటాలు మీ పేరిట వచ్చినట్టు ఆధారం బ్యాంకుకు ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా డిసెంబరు 31లోపు కంపెనీ పనితీరు నివేదిక. ఇక్కడే ఎవరూ చెప్పని మెలిక ఉంది. ఎస్టోనియాలో చిన్న కంపెనీకి ఆడిట్ తప్పనిసరి కాదు. కానీ కంపెనీ మీ అదుపులో ఉంటే మన పనితీరు నివేదికకు ఆడిట్ అయిన లెక్కలే ఆధారం కావాలి. అంటే ఎస్టోనియా అడగని ఆడిట్‌ను మీరు మన రిజర్వు బ్యాంకు కోసం చేయించాలి. కంపెనీ నుంచి మీకు రావలసిన డబ్బు ఏదైనా, రావలసిన రోజు నుంచి 90 రోజుల్లో దేశంలోకి తెచ్చుకోవాలి. ఇవన్నీ విన్నాక కూడా ముందుకు వెళ్లాలనిపిస్తే, విదేశీ పెట్టుబడులు చూసిన అనుభవం ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్‌ను పట్టుకోండి. మీ ఊళ్లో ఇరవై ఏళ్లుగా మీ నాన్నగారి రిటర్నులు వేస్తున్న ఆడిటర్ గారు ఎంత మంచివారైనా ఇది ఆయన రోజూ చేసే పని కాదు.

కంపెనీకి బ్యాంకు ఖాతా

అక్కడి బ్యాంకుల్లో ఖాతా తెరవడం కంపెనీ తెరవడం కంటే చాలా కష్టం. కారణం ఉంది. 2007 నుంచి 2015 వరకు డాన్స్కే బ్యాంకు ఎస్టోనియా శాఖ గుండా సుమారు 200 బిలియన్ యూరోలు ప్రవహించాయని, వాటిలో పెద్ద భాగం అనుమానాస్పదమని 2018లో బయటపడింది. ఆ దెబ్బతో ఆ శాఖే మూతపడింది. అప్పటి నుంచి టాలిన్ బ్యాంకర్లు కొత్త విదేశీ ముఖాన్ని చూస్తే ముందు అడిగేది, ‘ఎస్టోనియాతో మీకున్న సంబంధం ఏమిటి?’ అని. అక్కడ ఉద్యోగులు, ఖాతాదారులు, ఆఫీసు ఏదీ లేనివారికి కాదనే జవాబే ఎక్కువ. ఎల్‌హెచ్‌వీ, స్వెడ్‌బ్యాంక్, ఎస్ఈబీ లాంటి చోట్ల ప్రయత్నించవచ్చు. అవునన్నా స్వయంగా రమ్మనే అవకాశం ఉంటుంది.

అందుకే చాలామంది ఆన్‌లైన్ చెల్లింపు సంస్థల ఖాతాలతో పని నడుపుతారు. వాటిలో ఒకటైన వైజ్‌ను పెట్టింది ఇద్దరు ఎస్టోనియన్లే. ప్రతి సంస్థకూ ఏ దేశంలో నివసించే డైరెక్టర్లను తీసుకుంటుందో, ఏ వ్యాపారాలను తీసుకోదో తనదైన జాబితా ఉంటుంది. రిజిస్ట్రేషన్ రుసుము కట్టకముందే ఆ జాబితా చదవండి. కంపెనీ ఉండి ఖాతా లేకపోతే చెయ్యగలిగేది ఏమీ లేదు. ఒప్పందాల ప్రతులు, వెబ్‌సైటు, గతంలో పంపిన బిల్లులు దగ్గర పెట్టుకుని దరఖాస్తు చేయండి. నిజమైన వ్యాపారం ఉందని చూపించడమే ఇక్కడ పని.

పన్ను: ఆ సున్నా సంగతి

2000 సంవత్సరం నుంచి ఎస్టోనియాలో కంపెనీ లాభం కంపెనీలోనే ఉన్నంతకాలం దాని మీద పన్ను లేదు. యంత్రం కొన్నా, మనిషిని పెట్టుకున్నా, బ్యాంకులోనే ఉంచినా సున్నాయే. బయటకు తీసిన రోజు పన్ను పడుతుంది. 2025 నుంచి ఆ లెక్క పంచిన మొత్తానికి 22/78. అది ఎలా పనిచేస్తుందో వేళ్ల మీద చూద్దాం.

పదివేల యూరోల లాభం ఉంది. అంతా డివిడెండ్‌గా తీస్తే, 7,800 మీకు, 2,200 అక్కడి ప్రభుత్వానికి. ఆ 7,800 ఇక్కడికి వచ్చాక మీ మామూలు ఆదాయంలో కలుస్తుంది. మీరు 30 శాతం స్లాబులో ఉంటే 2,340 యూరోలు ఇక్కడ కట్టాలి. సెస్సు వేరు. చేతికి మిగిలేది 5,460 లోపు. రెండు దేశాల మధ్య 2011లో కుదిరిన ద్వంద్వ పన్నుల ఒప్పందం ఉంది కదా అంటారా? ఉంది. కానీ అక్కడ కట్టిన 2,200 కంపెనీ కట్టిన పన్ను, మీరు కట్టింది కాదు. మీ పేరిట ఎస్టోనియా ఏమీ పట్టుకోలేదు కాబట్టి ఇక్కడ తగ్గించుకోవడానికి మీ చేతిలో రసీదు లేదు. ఫోనులో నాకు సున్నా చెప్పినాయన ఆపేసింది సరిగ్గా ఇక్కడే.

డివిడెండ్ కాకుండా బోర్డు సభ్యుడిగా పారితోషికం తీసుకుంటే? దాని మీద ఎస్టోనియాలో ఆదాయపు పన్ను 22 శాతం మీ వాటా నుంచి పోతుంది, పైన 33 శాతం సామాజిక పన్ను కంపెనీ కట్టాలి. వెయ్యి యూరోల పారితోషికానికి కంపెనీ ఖర్చు 1,330. ఇక్కడ కూర్చుని చేసిన అసలు పనికి జీతంగా తీసుకుంటే అక్కడ పన్ను ఉండదు, ఇక్కడ ఉంటుంది. రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీస్తారన్నది మీ ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉండాలి. బోర్డు పని మొత్తాన్ని జీతమని పేరు మార్చి రాస్తే అక్కడి పన్ను శాఖ ఒప్పుకోదు.

ఇంకా లోతైన ప్రశ్న ఒకటుంది. కంపెనీ అక్కడ పుట్టినా నడిచేది ఎక్కడ? విదేశీ కంపెనీ అసలు నిర్వహణ భారత్ నుంచే జరిగితే దాన్ని ఇక్కడి నివాసిగానే లెక్కించే నియమం ఉంది. ఏడాది టర్నోవరు 50 కోట్ల రూపాయలు దాటని కంపెనీలకు ఆ నియమం వర్తించదని 2017లో పన్ను బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. అక్కడితో ఊపిరి పీల్చుకోకండి. కంపెనీకి ఉన్న ఒకే ఒక్క బల్ల, ఒకే ఒక్క కుర్చీ, ఒకే ఒక్క పనిమంతుడు గుంటూరులో ఉంటే, ఆ కంపెనీకి భారత్‌లో శాశ్వత వ్యాపార స్థానం ఉందని అధికారి అనవచ్చు. అప్పుడు ఇక్కడి పనికి చెందే లాభం మీద విదేశీ కంపెనీ రేటుతో, అంటే మౌలికంగా 35 శాతం, ఇక్కడే పన్ను కట్టాలి. ఒంటరిగా ఇంటి నుంచి పనిచేసేవారికి ఈ కంపెనీ వద్దని మొదట్లోనే చెప్పింది ఇందుకే. జర్మనీ భాగస్వామి నిర్ణయాలు తీసుకుంటూ, పనివారు రెండుమూడు దేశాల్లో ఉన్న కంపెనీకి ఈ భయం తక్కువ.

మీ సొంత రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక తప్పనిసరిగా నింపండి. కంపెనీ వాటా, సంతకం అధికారం ఉన్న ఖాతా, రెండూ చూపించాలి. ఆ పట్టికలో లెక్క క్యాలెండర్ సంవత్సరానిది, మన ఏప్రిల్-మార్చి కాదు. చూపించకపోతే నల్లధనం చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా ఉంది. స్థిరాస్తి కాక మిగతా ఆస్తుల విలువ మొత్తం 20 లక్షలు దాటనివారికి 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా లేదు. చూపించే బాధ్యత మాత్రం అలాగే ఉంది.

వ్యాట్ గురించి పొట్టిగా. ఎస్టోనియాలో టర్నోవరు 40,000 యూరోలు దాటితే నమోదు తప్పనిసరి. 2025 జులై నుంచి రేటు 24 శాతం. ఇతర యూనియన్ దేశాల కంపెనీలకు సేవలు అమ్మితే పన్ను భారం సాధారణంగా కొనేవారి మీదకు మారుతుంది. మామూలు జనానికి యాప్, కోర్సు లాంటివి అమ్మితే ఇతర దేశాల అమ్మకాలు ఏడాదికి 10,000 యూరోలు దాటిన దగ్గర నుంచి కొన్నవారి దేశపు రేటు వేయాలి. నమోదయ్యాక ప్రతి నెలా 20వ తేదీలోపు రిటర్ను.

అక్కడికే వెళ్లి ఉండాలంటే

అది వేరే దారి. కొత్త ఆలోచనతో వేగంగా పెరగగల వ్యాపారమైతే 2017లో మొదలైన స్టార్టప్ వీసా ఉంది. ముందు ఒక నిపుణుల కమిటీ మీ వ్యాపారాన్ని చూసి ఒప్పుకోవాలి. మామూలు వ్యాపారానికి నివాసానుమతి కావాలంటే కనీసం 65,000 యూరోల పెట్టుబడి చూపాలి. దూరం నుంచి పనిచేసేవారికి 2020 ఆగస్టులో తెచ్చిన డిజిటల్ సంచారుల (డిజిటల్ నోమాడ్) వీసా ఏడాది వరకు ఇస్తారు. దానికి నెలకు నాలుగున్నర వేల యూరోల స్థాయి ఆదాయం అడుగుతారు. వీటిలో దేనికీ ఇ-రెసిడెన్సీ కార్డు ఉండనక్కరలేదు, ఉంటే మార్కులూ పడవు.

ఏటా చేయాల్సినవి, చివర్లో చేయాల్సినవి

ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లో, అంటే చాలామందికి జూన్ 30లోపు, వార్షిక నివేదిక వేయాలి. ఒక్క యూరో రాకపోయినా వేయాలి. నివేదిక ఎస్టోనియన్ భాషలో ఉండాలి కాబట్టి లెక్కలు చూసేవారి సాయం తప్పదు. వేయకపోతే ముందు హెచ్చరిక, తర్వాత జరిమానా, ఆఖరుకు రిజిస్టరు నుంచి కంపెనీ తొలగింపు. ‘తొలగిస్తే తొలగించనీ’ అని వదిలేసినవారు నాకు తెలుసు. అక్కడ పేరు పోయినా ఇక్కడ రిజర్వు బ్యాంకు దగ్గర ఆ విశిష్ట సంఖ్య బతికే ఉంటుంది. పనితీరు నివేదికలు రాలేదని ఏటా ఆలస్య రుసుము పేరుకుంటుంది.

మూసేయాలనుకుంటే పద్ధతిగా మూయండి. అప్పులవాళ్లకు ప్రకటన, గడువు, ఆఖరి లెక్క అన్నీ కావాలి కాబట్టి నెలలు పడుతుంది. పుట్టించడానికి అయిన ఖర్చుకు రెండింతలైనా కావచ్చు. ఆ డబ్బు ఖాతాలో మిగిలి ఉండగానే నిర్ణయం తీసుకోండి. మిగిలింది దేశంలోకి తెచ్చి, పెట్టుబడి ఉపసంహరణ సంగతి బ్యాంకుకు ఫారంలో తెలిపి, ఆ కాగితం దాచుకోవాలి.

కార్డు కాలపరిమితి అయిదేళ్లు. పొడిగింపు ఉండదు, కొత్త దరఖాస్తే. కొత్త రుసుము, మళ్లీ పరిశీలన, మళ్లీ ఢిల్లీ. గడువు తీరిన కార్డుతో రెండో పిన్ పనిచేయదు. వార్షిక నివేదిక మీద సంతకం పెట్టాల్సిన జూన్ నెలలోనే అది తీరిపోయిందని తెలిస్తే ఏమీ చేయలేరు. కార్డు మీద రాసి ఉన్న తేదీకి మూడు నెలల ముందు రోజును, డబ్బా విప్పిన రోజే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.